కిడ్నీ రక్తనాళంలో చీలిక: రాయి లేదని తేలిన తరువాత

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టువారు తీర్పునిచ్చిన నాటినుంచి ఈ తేదీ మనకు పండుగ రోజు. ఏటా ఈ రోజున మనం డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "డి.ఏ. సంగతి మేము చూసుకుంటాం గాని, మీ అల్లుడుగారికి వచ్చిన జబ్బు గురించి మీరు చెప్పండి, పదిమందికి పనికొస్తుంది" అన్నారు. అల్లుడుగారి అనుమతి తీసుకొనే చెబుతున్నాను.

నేను డాక్టరును కాను. తిరువూరు తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు బీరువాలలోని ఫైళ్ళు ఏ మండలానివి ఆ మండలానికి పంచి, 2007లో రిటైరైనవాణ్ణి. అయితే అలవాటు పోదు గదా. ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పిన ప్రతి మాటా తేదీ వేసి ఒక నోటుబుక్కులో వ్రాసుకొన్నాను. ఈ కాగితం కూడా వైద్యం చేసిన డాక్టరుగారికి చదివి వినిపించి, ఆయన దిద్దిన చోట దిద్దుకొని తెచ్చాను.

ముందుగా ఒక సంగతి మనవి చేయాలి. మన ప్రాంతంలో కిడ్నీ అనే మాట వినగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది ఎ.కొండూరు తండాలు. అక్కడ ఎన్ని ఇళ్ళలో మనుషులు డయాలసిస్ పాలయ్యారో మీకు తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉన్న బాధే ఇక్కడా ఉన్నది. అక్కడివారి కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ జబ్బు నెమ్మదిగా, చప్పుడు చేయకుండా వస్తుంది. నొప్పి ఉండదు. కాళ్ళు పొంగి, ఆకలి పోయి, రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ నాలుగో అయిదో ఉంటుంది. అందుచేత మనవాళ్ళందరికీ ఒక లెక్క స్థిరపడిపోయింది: క్రియాటినిన్ బాగుంటే కిడ్నీ బాగున్నట్లే.

నేను చెప్పబోయే జబ్బు దానికి పూర్తిగా తిరగబడినది. క్షణంలో వస్తుంది. భరించలేని నొప్పితో వస్తుంది. క్రియాటినిన్ మాత్రం చాలాసార్లు ఏమీ ఎరగనట్లు మామూలుగానే ఉంటుంది. ఎందుకంటే మనకు కిడ్నీలు రెండు. ఒకదానికి దెబ్బ తగిలితే రెండవది దాని పని కూడా తన మీద వేసుకుంటుంది. ఒక గుమాస్తా సెలవు పెడితే పక్క సీటువాడు తపాలు చూసినట్లన్నమాట. పై అధికారికి ఏమీ తెలియదు.

మన గుండె పంపే రక్తంలో సుమారు అయిదోవంతు, అంటే నిమిషానికి ఒక లీటరుదాకా, రెండు కిడ్నీలకూ పోతుంది. కడుపు వెనుకభాగంలో దిగే మహాధమని నుంచి ఒక్కొక్క కిడ్నీకి ఒక్కొక్క ధమని, అయిదారు మిల్లీమీటర్ల లావున, చీలి వెడుతుంది. కొందరికి ఒకవైపు రెండేసి కూడా ఉంటాయట. ఆ ధమని గోడకు మూడు పొరలు. జబ్బు వచ్చేది లోపలి పొరకు.

మనకు సాగర్ ఎడమకాలువ తెలుసు. చివరి ఆయకట్టు వాళ్ళం కనుక ఇంకా బాగా తెలుసు. కాలువకు గండి పడితే నీరు బయటకు పోయి పొలాలు మునుగుతాయి. ఈ జబ్బు గండి కాదు. కాలువకు వేసిన లైనింగు ఒకచోట పగిలిందనుకోండి. నీరు ఆ పగులులోంచి లైనింగు వెనక్కు దూరుతుంది. ప్రవాహం తోసేకొద్దీ లైనింగు పలక లేచి, కాలువలోకి వాలి, దారికి అడ్డం పడుతుంది. కింద తూములకు నీరందదు. గట్టు మీద నుంచి చూసేవాడికి గట్టు బాగానే ఉంటుంది. కిడ్నీ ధమనిలో చీలిక అంటే ఇదే. లోపొర చిట్లి, రక్తం పొరల మధ్యకు చొరబడి, అసలు దారిని నొక్కేస్తుంది. అక్కడ రక్తం గడ్డ కూడా కడుతుంది. ఆ ధమని నీరు పెట్టే కిడ్నీ భాగం ఎండిపోతుంది. రక్తం పూర్తిగా ఆగిపోతే ఆ భాగం గంటలలోనే చచ్చిపోతుంది. కొంచెం కొంచెంగా అందుతుంటే కొంత గడువు ఇస్తుంది.

ఇక బి.పి. సంగతి. కాలువ చివరి రైతుకు నీరందకపోతే ఏం చేస్తాడు? ఇంజనీరుగారి దగ్గరకు పోయి పైనుంచి ఎక్కువ నీరు వదలమంటాడు. కిడ్నీ కూడా అంతే. తనకు రక్తం తగ్గిందని తెలియగానే రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దానితో ఒళ్ళంతటికీ బి.పి. పెరుగుతుంది. అమెరికాలో హారీ గోల్డ్‌బ్లాట్ అనే డాక్టరు 1934లో కుక్కల కిడ్నీ ధమనికి చిన్న బిగింపు పెట్టి, బి.పి. పెరుగుతుందని నిరూపించాడు. అసలు జబ్బు ఒక మూల ఉంటే, దాని ఫిర్యాదు మొత్తం ఒంటి మీద కనిపిస్తుంది. ఈ ముక్క దయచేసి గుర్తుంచుకోండి, మా అల్లుడుగారి కేసులో దారి చూపింది ఇదే.

మా రెండో అల్లుడుగారిది ఎ.కొండూరు మండలంలో ఒక గ్రామం. మామిడి తోటలున్నాయి. 2018 మే నెలలో ఆయనకు 46 ఏళ్ళు. సిగరెట్టు, మందు ఏమీ లేవు. ఆ సాయంత్రం నున్న మార్కెట్టుకు పంపే ట్రేలు కూలీలతో పాటు తానూ లారీకి ఎత్తుతున్నారు. ఉన్నట్టుండి ఎడమ డొక్కలో కత్తితో పొడిచినట్లయిందని కూర్చుండిపోయారు. రెండుసార్లు వాంతి అయింది. దగ్గరలో ఉన్న డాక్టరుకు చూపిస్తే నొప్పి ఇంజెక్షను చేశారు, తగ్గింది. మర్నాడు పొట్ట స్కానింగు తీయించారు. కిడ్నీలు రెండూ బాగున్నాయి, వాపు లేదు, రాయి లేదు. మూత్రపరీక్ష కూడా ఇంచుమించు మామూలే. చిన్న రాయి ఉండి జారిపోయి ఉంటుందన్నారు. నీళ్ళు బాగా తాగమన్నారు. ఎండాకాలంలో మన ప్రాంతంలో రాయి నొప్పి సర్వసాధారణం కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

మూడవనాడు తెల్లవారుజామున మళ్ళీ నొప్పి, కొంచెం జ్వరం. మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, ఇంజెక్షను చేస్తే తగ్గుతోంది, తగ్గాక మళ్ళీ వస్తోంది. బి.పి. 190 బై 110 ఉందంట. ఈయనకు బి.పి. ఎప్పుడుంది?" అన్నది. నిజమే. ఆరు నెలల క్రితం రక్తదానం చేసినప్పుడు ఇచ్చిన కార్డు మీద 124 బై 80 అని ఉన్నది. నొప్పి వల్ల బి.పి. పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కాని నొప్పి తగ్గిన గంటల్లో కూడా అది దిగలేదు. కారు మాట్లాడి మైలవరం మీదుగా విజయవాడ తీసుకువెళ్ళాం. ఆ కార్డు కూడా జేబులో పెట్టుకొమ్మన్నాను.

అక్కడ ముందు రాళ్ళ కోసం మామూలు సి.టి. తీశారు. రాయి లేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, "అంతా నార్మల్ అండీ, గ్యాస్ అయి ఉంటుంది, సాయంత్రం పంపించేస్తాం" అన్నాడు. మా వియ్యపురాలు గుడికి మొక్కుకున్న కొబ్బరికాయల లెక్క కూడా వేసేసింది.

అయ్యా, నేను ముప్పైయేళ్ళు పైబడి ఆఫీసులో పనిచేశాను. నిల్ రిపోర్టు వచ్చినంత మాత్రాన ఫైలు క్లోజు చేయరు. ఏ ప్రశ్నకు నిల్ అన్నారో చూడాలి. రాయి ఉందా అని అడిగితే లేదని వచ్చింది. మరి నొప్పి ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. నా మనసులో ఇది మెదులుతుండగానే, సాయంత్రం రౌండుకు పెద్ద డాక్టరుగారు వచ్చారు. ఆయన కాగితాలు చూసి, రక్తదానం కార్డు చూసి, ఎల్.డి.హెచ్. అనే పరీక్ష చేయించారు. ఒంట్లో ఏ కండ అయినా, ఏ అవయవమైనా కొంతభాగం చచ్చిపోతే ఈ పదార్థం రక్తంలోకి కారుతుందట. మామూలుగా 250 లోపు ఉండాలి. ఈయనకు 1,100 దాటింది. క్రియాటినిన్ 1.0 మాత్రమే. గుండె పరీక్షలు బాగున్నాయి. డాక్టరుగారు, "రాయి కాదు. కిడ్నీకి వెళ్ళే రక్తనాళం చూడాలి. రంగుమందు ఎక్కించి సి.టి. యాంజియోగ్రామ్ తీస్తాం" అన్నారు.

అక్కడ మొదలైంది గొడవ.

మా వియ్యంకుడుగారు వద్దంటే వద్దన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన సొంత అన్నగారు అప్పటికి రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఊళ్ళో ఆయన ఈడువారు ఒకరి తరువాత ఒకరు పోవడం కళ్ళారా చూసినవారు. "బావగారూ, ఆ రంగుమందు కిడ్నీలను తినేస్తుందని మా అన్నయ్యకు డాక్టర్లే చెప్పారు. ఉన్నవి రెండూ బాగున్నాయని కాగితం వచ్చాక కోరి చెడగొట్టుకుంటామా?" అన్నారు. అది అజ్ఞానం కాదు. ఆయన అన్నగారి విషయంలో డాక్టర్లు చెప్పింది నిజమే. అప్పటికే చెడిన కిడ్నీలకు రంగుమందు భారం కావచ్చు.

డాక్టరుగారు విసుక్కోలేదు, అది ఆయన పెద్దతనం. కుర్చీ లాక్కొని కూర్చొని చెప్పారు: "పెద్దాయనా, మీ అన్నగారికైతే నేనూ పదిసార్లు ఆలోచిస్తాను. మీ అబ్బాయి క్రియాటినిన్ బాగుంది. రంగుమందు వల్ల వచ్చే ప్రమాదం ఈయనకు చాలా తక్కువ. చూడకపోతే వచ్చే ప్రమాదం ఎక్కువ. రంగుమందు లేని సి.టి.లో రాయి కనపడుతుంది గాని రక్తం పోతున్నదో లేదో కనపడదు. కాలువ ఫోటో తీశాం, అందులో నీరు పారుతున్నదా లేదా చూడలేదు." కాలువ పోలిక నాది కాదు, ఆ మహానుభావుడిదే. తరువాత ఆయన మా ఇద్దరినీ వదిలేసి మంచం వైపు తిరిగి, "మీరు చెప్పండి, ఒళ్ళు మీది" అన్నారు. అల్లుడుగారు వాళ్ళ నాన్నగారి వైపు చూసి, "తీయించుకుంటాను నాన్నా, ఏదో ఒకటి తేలనీ" అన్నారు. మా అమ్మాయి వరండాలోకి వెళ్ళిపోయింది. వియ్యంకుడుగారు ఆ రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

సి.టి. యాంజియోగ్రామ్‌లో స్పష్టంగా కనిపించింది. ఎడమ కిడ్నీకి వెళ్ళే ధమని కిడ్నీ దగ్గర కొమ్మలుగా విడిపోతుంది. అందులో కింది కొమ్మలో లోపొర చీలి, దారి దాదాపు మూసుకుపోయింది. ఆ కొమ్మ మీద ఆధారపడిన భాగం, కిడ్నీలో ఇంచుమించు మూడోవంతు, కోసిన పుచ్చకాయ ముక్క ఆకారంలో నల్లగా ఉన్నది. మిగతా కిడ్నీ తెల్లగా వెలుగుతున్నది.

అల్ట్రాసౌండులో ఇది ఎందుకు దొరకలేదని అడిగాను. మామూలు అల్ట్రాసౌండు కిడ్నీ ఆకారం చూపిస్తుంది. డాప్లర్ పెడితే పెద్ద ధమనిలో ప్రవాహం తెలుస్తుంది గాని, చిన్న కొమ్మలు తప్పిపోవచ్చు, పొట్టలో గ్యాసు అడ్డం రావచ్చు. రంగుమందు పనికిరానివారికి ఎం.ఆర్. యాంజియోగ్రామ్ ఉన్నది. అన్నిటికంటె నికరమైనది తొడ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్. కాని అందులో గొట్టం తగిలి చీలిక పెరిగే ప్రమాదం కొంత ఉన్నది కనుక, స్టెంటు వేయదలచినప్పుడో, సి.టి.లో తేలనప్పుడో మాత్రమే చేస్తారట.

ఈ పరీక్షల చరిత్ర తలచుకుంటే మనం ఎంత అదృష్టవంతులమో తెలుస్తుంది. 1760లో ఇంగ్లండు రాజు రెండవ జార్జి ఒక ఉదయం మరుగుదొడ్డికి వెళ్ళి అక్కడే కూలిపోయాడు. శవపరీక్ష చేసిన నికోల్స్ అనే వైద్యుడు గుండె దగ్గర మహాధమని గోడ చిట్లినట్లు వ్రాసిపెట్టాడు. రాజుకైనా జబ్బు పేరు చనిపోయాకే తెలిసిందన్నమాట. కిడ్నీ ధమనిలో దానంతటదే వచ్చే చీలికను వైద్యగ్రంథాలకు ఎక్కించినది 1944లో. పోర్చుగల్ డాక్టరు డాస్ శాంతోస్ 1929లో మహాధమనిలోకి రంగుమందు ఎక్కించి ఎక్సురే తీశాడు. సి.టి. యంత్రం మొదటిసారి రోగి మీద వాడినది 1971లో, దానికి హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. నేను ఉద్యోగంలో చేరిన నాటికి ఈ జబ్బు బ్రతికున్న మనిషిలో కనిపెట్టడమే గగనం. ఇవాళ మన తిరువూరు నుంచి రెండు గంటల ప్రయాణంలో ఆ యంత్రం ఉన్నది.

ఇక వైద్యం. జబ్బు పేరు తెలియగానే మావాళ్ళందరూ స్టెంటు ఎప్పుడు వేస్తారని అడగడం మొదలుపెట్టారు. నేను ఫిక్సెడ్ డిపాజిట్టు రసీదు కూడా తెప్పించాను. డాక్టరుగారు స్టెంటు వద్దన్నారు. మా బంధువులొకరు, డబ్బు లేదనుకొని వద్దంటున్నారేమో, ఇంకో పెద్ద ఆసుపత్రికి పోదామన్నారు. పెద్ద ఆపరేషను చేస్తేనే పెద్ద వైద్యమని మనలో ఒక నమ్మకం ఉన్నది.

కొమ్మలో వచ్చిన చీలికకు, బి.పి. అదుపులోకి వస్తుంటే, మందులే వైద్యమట. పోయిన భాగం ఎలాగూ తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవాలి. మొదటి పని బి.పి. దించడం. ప్రవాహం వేగం తగ్గితే లేచిన లైనింగు ఇంకా చిరగదు. రెండవ పని గడ్డ పెరగకుండా రక్తం పలచబడే మందు. మొదట హెపారిన్ ఇంజెక్షన్లు, తరువాత బిళ్ళలు, వాటికి ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష వారం వారం. ఆరు నెలలయ్యాక ఆస్పిరిన్ ఒక్కటి. కొందరు డాక్టర్లు మొదటినుంచీ ఆస్పిరిన్‌తోనే సరిపెడతారట. ఈ జబ్బు అరుదు కనుక వేలమంది మీద పోల్చి చూసిన పరిశోధనలు లేవు, డాక్టరు అనుభవాన్నిబట్టి నిర్ణయం చేస్తారని ఆయన దాచకుండా చెప్పారు. నాకు ఆ మాట నచ్చింది. మందులతో చీలిక చాలామందిలో నెలల మీద దానంతటదే అతుక్కుంటుంది.

స్టెంటు ఎప్పుడు? పెద్ద ధమనే మూసుకుపోతూ కిడ్నీ మొత్తం ప్రమాదంలో ఉంటే, ఎన్ని మందులిచ్చినా బి.పి. దిగకపోతే, నొప్పి ఆగకపోతే, చీలిక పెరుగుతూ పోతే. అప్పుడు ఆలస్యం పనికిరాదు. నాళం బయటకు పగిలి రక్తం కారితే స్టెంటో, ఆపరేషనో అత్యవసరంగా చేయాలి. కిడ్నీ పూర్తిగా చచ్చిపోయి బి.పి.ని రెచ్చగొడుతూనే ఉంటే దాన్ని తీసివేయడం కూడా ఉన్నది, కాని అది చివరి మాట.

బి.పి. బిళ్ళలలో ప్రిల్ అని చివర వచ్చేవి మనలో చాలామంది వాడుతున్నారు. బ్రెజిలు దేశపు ఒక విషసర్పం విషాన్ని శోధించగా ఆ కుటుంబం పుట్టింది, మొదటిదైన కాప్టోప్రిల్ 1981లో బజారులోకి వచ్చింది. రెనిన్ దారికే అడ్డం కొట్టే మందులు కనుక ఈ జబ్బుకు బాగా పనిచేస్తాయి. కాని రెండు ధమనులూ మూసుకుపోయినవారికి, ఒకే కిడ్నీ ఉన్నవారికి అవే కీడు చేయగలవు. అందుకే మొదలుపెట్టిన వారం, రెండు వారాలలో క్రియాటినిన్, పొటాషియం చూస్తారు. ఆ పరీక్ష వ్రాస్తే ఎగవేయకండి.

చీలిక ఎందుకు వచ్చింది? డాక్టరుగారు మెడ రక్తనాళాలు కూడా స్కాను చేయించారు. ధమని గోడ పూసలదండలాగా తయారయ్యే ఒక జబ్బు ఉన్నదట, అది ఉంటే మెడలోనూ కనపడుతుంది. లేదు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా, కీళ్ళు వదులుగా ఉండి చర్మం పలచగా ఉన్నవారున్నారా అని అడిగారు, అదొక వంశపారంపర్య జబ్బు కోసం. అదీ లేదు. నడుముకు దెబ్బ తగలడం, గొట్టం పంపే చికిత్సలు, విపరీతమైన బరువు ఎత్తడం కారణాలు కావచ్చు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. మామిడి ట్రేలే చేశాయని మా ఆవిడ తీర్మానం. డాక్టరుగారు కావచ్చు, కాకపోవచ్చు అన్నారు. ఆ ట్రేలు ఎత్తడం మాత్రం మాన్పించారు.

ఇంతవరకూ చెప్పినది నలభై, యాభై ఏళ్ళవారికి ఎక్కువగా వచ్చే జబ్బు. మన వయసువారి మాట ఏమిటని నేను ప్రత్యేకంగా అడిగాను. ఇది దయచేసి శ్రద్ధగా వినండి. అరవై దాటిన మనిషికి జీవితంలో మొదటిసారి రాయి నొప్పి లాంటిది వస్తే, రాయి అనుకునే ముందు మహాధమని సంగతి చూడాలట. పొట్టలో మహాధమని బుడగలాగా ఉబ్బి పగలబోయేటప్పుడు అచ్చం కిడ్నీ రాయి నొప్పిలాగే ఉంటుంది. సిగరెట్లు తాగిన మగవారికి ఎక్కువ. దానికి మామూలు అల్ట్రాసౌండు చాలు, ఉబ్బు ఉన్నదో లేదో తెలుస్తుంది. కళ్ళు తిరిగి పడిపోతే ఇంట్లో కషాయం కాస్తూ కూర్చోకూడదు, ఆ క్షణమే 108కి ఫోను చేయాలి.

రెండవది, గుండె అదురుతూ క్రమం తప్పి కొట్టుకునేవారికి గుండెలో గడ్డ కట్టి, అది జారి కిడ్నీ ధమనిలో ఇరుక్కోవచ్చు. అదే నొప్పి, అదే ఎల్.డి.హెచ్., కాని వైద్యం గుండెకు కూడా చేయాలి. మూడవది మనలో చాలామందికి తెలియకుండా ఉండేది. వయసు మీద కొవ్వు పేరుకొని కిడ్నీ ధమని సన్నబడడం. అది చీలిక కాదు, నొప్పి ఉండదు. స్కానింగులో కనపడగానే స్టెంటు వేయించుకోమని కంగారు పెడితే, వెంటనే సంతకం పెట్టకండి, మరో డాక్టరును అడగండి. కోరల్ అనే పరిశోధనలో 947 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మందులు, ఒక జట్టుకు మందులతో పాటు స్టెంటు ఇచ్చి చూస్తే, స్టెంటు వల్ల అదనపు లాభం కనపడలేదని 2014లో ప్రకటించారు. బి.పి. ఏ మందుకూ లొంగకపోవడం, ఊపిరితిత్తుల్లోకి మాటిమాటికీ నీరు చేరడం వంటివి ఉంటే సంగతి వేరు.

రంగుమందు పరీక్షకు వెళ్ళేవారు క్రియాటినిన్ కాగితం, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్ళండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవారు, ఇదివరకు ఏ ఇంజెక్షనుకైనా దద్దుర్లు వచ్చినవారు ముందే చెప్పాలి. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే బిళ్ళల సంగతి కూడా చెప్పండి. అవి కిడ్నీలకు చేసే అపకారం తక్కువేమీ కాదు.

పాత బి.పి. కార్డులు పారేయవద్దు. ఒక కాగితం ముక్క మీద 124 బై 80 అని వ్రాసి ఉండడం వల్ల ఆ రోజు బి.పి. కొత్తగా వచ్చిందని తేలింది. సర్వీసు రిజిస్టరు భద్రం చేసినట్లు ఒక అట్టఫైలులో తేదీల వరుసన కుట్టి పెట్టండి. మీ పిల్లలకూ చెప్పండి, వాళ్ళు ఫోనులో ఉన్నదంటారు, ఫోను పోతే ఏడుస్తారు.

అల్లుడుగారు పన్నెండవ రోజున ఇంటికి వచ్చారు. మూడు నెలలకు, ఏడాదికి మళ్ళీ సి.టి. తీశారు. చీలిక అతుక్కుంది. కిడ్నీ కింది భాగం ముడుచుకొని మచ్చగా మిగిలింది. బి.పి.కి రెండు బిళ్ళలు, ఆస్పిరిన్ ఒకటి నడుస్తున్నాయి. మొన్న చేయించిన క్రియాటినిన్ 1.1. వియ్యంకుడుగారు ఇప్పుడు ఊళ్ళో ఎవరికి డొక్కలో నొప్పి వచ్చినా రాయి లేదన్నారా, అయితే ఎల్.డి.హెచ్. చేయించారా అని అడుగుతున్నారట. ఆయన అన్నగారు 2019లో కాలం చేశారు.

సి.టి. ఫిలిములు తెచ్చి ఆ టేబుల్ మీద పెట్టాను. చూడదలచినవారు కిటికీ వెలుతురుకు పట్టి చూడవచ్చు. ఫిలిములో మనిషి మనకు ఎదురుగా ఉన్నట్లు కనపడతాడు కనుక, ఎడమ కిడ్నీ మీ కుడిచేతి వైపు ఉంటుంది. కింద నల్లగా ఉన్న ముక్క దగ్గర నేను పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాను. టీ వచ్చేసింది. ప్రశ్నలుంటే అక్కడికి రండి, నోటుబుక్కు నా దగ్గరే ఉంది.